పురుగులెటు పోయాయి మహాప్రభో!

పెద్ద సినిమాకి పెద్ద యుద్ధం ఉండి తీరాలన్నది ఇప్పుడొక శాస్త్రం. ఎవరు రాశారో గానీ నిర్మాతలందరికీ కంఠతా వచ్చు. ఈ శాస్త్రం ప్రకారం వందమంది కొట్టుకుంటే అది గొడవ. పదివేలమంది కొట్టుకుంటే దృశ్యకావ్యం. ఎంతమంది కొట్టుకుంటున్నారో తీసినవాడికే తెలియకపోతే ఇతిహాసం. కథ కుంటుతోందా, సైన్యాన్ని తోలండి. పాత్ర తేలిపోతోందా, డ్రాగన్‌ని వదలండి. ప్రేమకథ పండటం లేదా, ప్రియుణ్ణి కొండ మీదికి పంపి చంపించండి. కింద ఎలాగూ యుద్ధం జరుగుతూనే ఉంటుంది.

ఈ శాస్త్రానికి ప్రామాణిక గ్రంథం 2014 డిసెంబరులో వచ్చింది. పేరు ‘ద హాబిట్: ద బ్యాటిల్ ఆఫ్ ద ఫైవ్ ఆర్మీస్’. నిడివి 144 నిమిషాలు. చివరి ముప్పావుగంట దాదాపుగా ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని నరుకుతూనే ఉంటారు. ఎవరు ఎవర్ని, ఎందుకు అని అడిగేవాళ్లు హాల్లోంచి బయటికి వచ్చి అడగొచ్చు.

మూలకథ సంగతి ముందు చెప్పుకోకపోతే ఇందులోని హాస్యం పూర్తిగా అందదు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1937లో పిల్లల కోసం వేసిన పుస్తకం ‘ద హాబిట్’. పంతొమ్మిది అధ్యాయాలు, మూడొందల పేజీలకి అటూ ఇటూ. ఇంట్లో కూర్చుని వేళకి తిని వేళకి టీ తాగే బిల్బో అనే పొట్టివాణ్ణి పదముగ్గురు మరుగుజ్జులూ ఒక మాంత్రికుడూ కలిసి బయటికి లాగుతారు. డ్రాగన్ కూర్చున్న కొండలో ఉన్న బంగారాన్ని దొంగిలించి పెట్టాలి. ఐదు సైన్యాల యుద్ధం పదిహేడో అధ్యాయంలో వస్తుంది. ఒకపక్క గాబ్లిన్లు, తోడేళ్లు. ఇంకోపక్క ఎల్ఫులు, మనుషులు, మరుగుజ్జులు. లెక్క సరిగ్గా ఐదు, ఇందులో గందరగోళమేమీ లేదు. మన బిల్బో మాయ ఉంగరం పెట్టుకుని ఎవరికీ కనబడకుండా ఓ పక్కన నిలబడతాడు. సాయానికి గద్దలు వస్తున్నాయని చూసి అరుస్తాడు. అంతే, పైనుంచి ఒక రాయి దొర్లి నెత్తిన పడుతుంది. మళ్లీ కళ్లు తెరిచేసరికి యుద్ధం అయిపోయింది.

అంటే కథానాయకుడు నిద్రపోయిన యుద్ధమిది. బిల్బో జీవితంలో అంత ఘోరమైన అనుభవం మరొకటి లేదనీ, అందుకే తర్వాత్తర్వాత దాన్నే అందరికీ గొప్పగా చెప్పుకునేవాడనీ, నిజానికి అందులో అతను చేసిందేమీ లేదనీ రచయితే చురక వేస్తాడు. సినిమావాళ్లు ఆ చురక చదివే ఉంటారు. చదివి, హీరో నిద్రపోయిన ఆ ఘట్టాన్నే సినిమాకి పేరుగా పెట్టారు. మొదట అనుకున్న పేరు వేరు, ‘దేర్ అండ్ బ్యాక్ అగైన్’. అది ఇంటికి తిరిగొచ్చే కథకి సరిపోయే పేరు. విడుదల ఇంకా ఎనిమిది నెలలుందనగా ఇల్లు పోయి సైన్యాలు వచ్చాయి.

సినిమాలోనూ బిల్బోకి తలమీద దెబ్బ తగులుతుంది, అతను స్పృహ తప్పుతాడు. ఆ అదృష్టం అతనికి మాత్రమే. ప్రేక్షకుడికి మెలకువే.

రెండు సినిమాలుగా అనుకున్నది మూడు చేస్తున్నామని 2012 జులైలో ప్రకటించారు. మూడొందల పేజీలకి థియేటర్లో 474 నిమిషాలు, అంటే ఎనిమిది గంటలకి ఆరు నిమిషాలు తక్కువ. ఓపికున్న పిల్లవాడు పుస్తకాన్ని ఇంచుమించు ఆ సమయంలోనే చదివేసి, మధ్యలో అన్నం కూడా తిని రాగలడు. ఇంత జీడిపాకం సాగాలంటే ఎక్కడో ఒకచోట పట్టుకుని లాగాలి. పట్టు దొరికిన చోటు యుద్ధం.

లాగుడు ఎలా సాగిందో చూడండి. స్మౌగ్ అనే డ్రాగన్ కోసం రెండు సినిమాలు ఎదురుచూశాం. రెండో సినిమా చివర అది ఊరి మీదికి ఎగిరింది, తెర పడింది, ఏడాది ఆగాం. మూడో సినిమాలో పేరు తెర మీద పడేలోపే అది చచ్చి చెరువులో పడింది. రెండేళ్లు ఊరించిన శత్రువు టైటిల్స్‌కి ముందే గుటుక్కుమన్నాడు. పాపం అది చేసిన తప్పల్లా ఒక్కటే: అది ఒక్కతే రావడం. పదివేలమందితో వచ్చి ఉంటే ఇంకో గంట బతికేది.

అసలు శత్రువు పోయాడు కాబట్టి కొసరు శత్రువుని తేవాలి. ఆర్క్‌లనే గాబ్లిన్ జాతికి నాయకుడైన అజోగ్‌ని టోల్కీన్ ఎప్పుడో పాత తరం యుద్ధంలోనే చంపేశాడు. సినిమావాళ్లు ఆ చావుని రద్దు చేసి, తెల్లటి ఒళ్లూ ఒంటిచేతికి ఇనుప కత్తీ ఇచ్చి మూడు సినిమాల పాటు ఉద్యోగమిచ్చారు. అతని సైన్యం రావడానికి దారి కావాలి కదా. భూమి బద్దలైంది. రైలు పట్టేంత నోళ్లతో రాక్షసపురుగులు కొండని తొలుచుకుంటూ పైకి లేచాయి. హాల్లో జనం నోళ్లు కూడా అంతే తెరుచుకున్నాయి. పుస్తకంలో బిల్బో మాటవరసకి ఒక్కసారి అనే ఎడారి పురుగుల ప్రస్తావన తప్ప వీటికి మరో ఆధారం లేదు. పోనీ, వచ్చాయి, సంతోషం. కొండల్ని తినే పురుగులు కోటగోడల్ని తినవా? కొండ అడుగున దాక్కున్న పదముగ్గురు మరుగుజ్జుల్ని ఒక్క గుటకలో మింగవా? తినవు, మింగవు. సొరంగం తవ్వి, ఒకసారి ఒళ్లు విరుచుకుని, వెనక్కి వెళ్లిపోయాయి. మళ్లీ సినిమా అయిపోయేదాకా వాటి ఊసు లేదు. అజోగ్ వాటిని పిలవడు, అవతలివాళ్లు వాటికి భయపడరు, యుద్ధం ఓడిపోతున్నప్పుడు కూడా ‘ఒరేయ్, మనకి పురుగులున్నాయి కదా’ అని ఒక్క ఆర్క్‌కీ గుర్తురాదు. కాంట్రాక్టు పని ముగించుకుని, బిల్లు పెట్టుకుని ఇంటికి వెళ్లినట్టున్నాయి.

ఇక యుద్ధనీతి. మరుగుజ్జులు డాలు మీద డాలు పేర్చి చక్కటి గోడ కట్టారు. బల్లేలు ముందుకి చాచారు. ఆర్క్‌లు వచ్చి గుద్దుకోవడమే తరువాయి. సరిగ్గా అప్పుడు వెనకనున్న ఎల్ఫులు ఆ గోడ మీంచి ఎగిరి అవతలికి, ఆ బల్లేలకీ శత్రువుకీ మధ్యకి దూకారు. వేల ఏళ్లు బతికే జాతి, వేల ఏళ్ల యుద్ధానుభవం. గోడ ఎందుకు కడతారో మాత్రం ఆ అనుభవంలో ఎక్కడా తగల్లేదు. అలా దూకితే తెర మీద అందంగా ఉంటుంది, నిజమే. దూకడానికి కారణం కూడా అదొక్కటే.

వాహనాల సంగతి వేరే చెప్పాలి. ఎల్ఫుల రాజు థ్రాండుయిల్ పెద్ద కొమ్ముల దుప్పి మీద వచ్చాడు. అది తల వంచి ఒక వరస ఆర్క్‌ల మెడల్ని కొమ్ముల్లో ఇరికించింది, ఆయన ఒక్క వేటుతో అన్ని తలల్నీ కోశాడు. మరుగుజ్జుల డెయిన్ పంది మీద వచ్చాడు; సుత్తి చేతిలో ఉన్నా శత్రువుని నుదుటితో గుద్ది చంపడం ఆయనకి ఇష్టం. ఆ తర్వాత పదముగ్గురు మరుగుజ్జుల నాయకుడు థోరిన్‌కి కొండెక్కాల్సిన అవసరం పడింది. పడగానే కొమ్ముల పొట్టేళ్లు ప్రత్యక్షమయ్యాయి. జీను కట్టి, కళ్లెం వేసి, ఎక్కడానికి సిద్ధంగా! అంతదాకా ఆ మైదానంలో వాటి జాడే లేదు. థియేటర్లో చూసినవాడికి అవి ఎక్కడివో అంతుపట్టలేదు. మరుసటి ఏడాది వచ్చిన పొడుగు వెర్షన్‌లో తెలిసింది, డెయిన్ సైన్యంతో వచ్చినవట. పొట్టేలు పుట్టుక తెలియాలంటే ఇంకో డిస్క్ కొనాలి.

పెద్ద ట్రోల్ ఒకటి నెత్తిన బండరాయి కట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి డేల్ నగరం గోడని గుద్దింది. గోడ పగిలింది, ట్రోల్ వెల్లకిలా పడింది. ఈ సినిమాలో తన పని తాను తెలుసుకుని, చేసి, ఫలితం అనుభవించిన పాత్ర బహుశా అదొక్కటే.

సైన్యాలు ఓడిపోతున్న వేళ కొండలోంచి థోరిన్ బృందం బయటికి వచ్చింది. అంతకుముందే లోపల ఆపాదమస్తకం కవచాలు తొడుక్కుని నిలబడ్డ ఆ పదముగ్గురూ, సరిగ్గా కత్తుల మధ్యకి పరుగెత్తే ముందు వాటిని విప్పేసి వచ్చారు. వేలమంది చేయలేనిది పదముగ్గురు మామూలు బట్టల్లో చేసి చూపించారు. మరి ఆ వేలమందిని పిలిచింది ఎందుకు? ఫొటోలో నిలబడటానికి.

పుస్తకంలో లేనే లేని ఎల్ఫు లెగోలాస్‌కి కొండ మీదికి పోవాలనిపించింది. ఎగిరే గబ్బిలం కాళ్లు పట్టుకుని పోయాడు. దిగవలసి వచ్చినప్పుడు ట్రోల్ నెత్తిన కత్తి దించి స్టీరింగులా తిప్పాడు. కూలుతున్న వంతెనలోంచి జారిపడుతున్న ఒక్కో రాయి మీదా కాలు మోపి మెట్లెక్కినట్టు పైకి వచ్చాడు. న్యూటన్ ఆ లోకంలో పుట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ పడిపోతే చస్తాడన్న అనుమానం కూడా అక్కడ పుట్టలేదు. పడిపోయే ప్రమాదం లేనివాడు ఎంత ఎత్తున వేలాడితే మాత్రం మన గుండె ఎందుకు జారుతుంది?

ఇంతకీ ఐదు సైన్యాలు ఏవి? పుస్తకంలో వేళ్ల మీద లెక్క తేలిపోయే సంగతి సినిమాలో వాదప్రతివాదాలకి ఎక్కింది. ఆర్క్‌లు రెండు దళాలుగా వచ్చారు కాబట్టి రెండు అనాలా? గద్దలు ఒక సైన్యమా? పదముగ్గురు ఒక సైన్యమా? పేరులో పెట్టిన అంకెకే ఆచూకీ లేనప్పుడు పురుగుల్ని ఎవరు లెక్కపెడతారు?

‘అయ్యా, ఇది ఫాంటసీ. డ్రాగన్‌ని నమ్మినవాడివి పొట్టేలు దగ్గర ఆగుతావేం?’ అని అభిమానులు గద్దిస్తారు. ఈ వాదం వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. అసాధ్యాన్ని నమ్మడానికి మనకేం కష్టం? మనం పుట్టి పెరిగిందే అందులో. ఘటోత్కచుడి చావు తీసుకోండి. పద్నాలుగో రోజు యుద్ధం రాత్రిలోకి సాగింది. కర్ణుడి శక్తి తగిలి పడిపోతూ కూడా ఆ రాక్షసుడు ఒళ్లు పెంచి కౌరవుల అక్షౌహిణి మీద కూలాడు. అక్షౌహిణి అంటే ఏనుగులూ రథాలూ గుర్రాలూ కాల్బలమూ కలిపి 2,18,700. ఒక్క శరీరం కింద అంత సైన్యం నలిగిందంటే లెగోలాస్ మెట్లు దానిముందు ఏపాటి? అయినా ఎవరూ నవ్వరు. ఎందుకంటే ఆ శక్తిని కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్నాడు, అది ఒక్కసారే పనికొస్తుంది. ఇక్కడ ఖర్చయింది కాబట్టి అక్కడ అర్జునుడు బతికాడు. కొడుకు పోయాడని పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. ఒక్క అతిశయోక్తి పడిపోతే ఒకడి ప్రాణం నిలిచింది, ఇంకొకడి చావు ఖరారైంది, ఒక తండ్రి కడుపుకోత మిగిలింది. వ్యాసుడి అతిశయోక్తికి ఖాతా పుస్తకం ఉంది. ఎంత పెంచినా జమకీ ఖర్చుకీ సరిపోతుంది. పురుగుల ఖాతాలో ఖర్చు నిర్మాతదే తప్ప కథది ఒక్క పైసా లేదు.

నా ఫిర్యాదల్లా ఇదే. సైన్యం పెద్దదైనందుకు కాదు, దానివల్ల ఎవరికీ ఏమీ కానందుకు.

చేతకాక ఇలా తీశారా అంటే అదీ కాదు. ఈ సినిమా తీసిన పీటర్ జాక్సనే 2002లో ‘ద టూ టవర్స్’లో హెల్మ్స్ డీప్ కోట యుద్ధం తీశాడు. పదివేలమంది శత్రువులు, కోటలో మూడొందల మంది. గోడ ఎక్కడుందో, తలుపు ఎక్కడుందో, గోడ కింద నీళ్లు పోయే చిన్న తూము ఒక్కటే దాని బలహీనత అనీ యుద్ధానికి ముందే మనకి తెలుసు. వయసు చాలని కుర్రాళ్లకి ఇనుప టోపీలు పెట్టారు, చేతులు వణికే ముసలివాళ్లకి విల్లులిచ్చారు. వాన మొదలైంది. రెండు పక్షాలూ కదలకుండా నిలబడ్డాయి. ఒక ముసలాయన చేతిలోంచి బాణం జారి వెళ్లి అవతలివాడి మెడలో దిగింది. ఒక్కడు దబ్బున పడ్డాడు. ఆ తర్వాతే పదివేలమంది కదిలారు. ఆ ముసలాయన పేరు మనకి తెలియదు, అయినా ఆయన చేతి వణుకు గుర్తుంది. పన్నెండేళ్ల తర్వాత అదే దర్శకుడి సినిమాలో దుప్పి గుర్తుంది, పంది గుర్తుంది, మనిషి గుర్తులేడు.

ఏం జరిగిందో ఆయనే దాచుకోకుండా చెప్పాడు. మొదట దర్శకత్వం వహించాల్సిన గియెర్మో దెల్ తోరో 2010లో తప్పుకున్నాడు. జాక్సన్ పగ్గాలు పట్టేసరికి సరంజామా సిద్ధం చేసుకునే వ్యవధి లేదు. యుద్ధం దగ్గరికి వచ్చేసరికి ఏం తీయాలో తేలక ఆ షూటింగునే మరుసటి ఏడాదికి వాయిదా వేశారని డిస్క్‌లతో వచ్చిన తెరవెనుక వీడియోల్లో ఉంది. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. పథకం లేకుండా యుద్ధానికి దిగిన సేనాపతుల్ని చరిత్రలో చాలామందిని చూశాం. ఆ సంగతి ఒప్పుకుని, దాన్ని అదనపు ఆకర్షణగా అమ్మినవాణ్ణి ఇప్పుడే చూడటం.

‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ కోసం ‘మాసివ్’ అనే సాఫ్ట్‌వేర్ తయారైంది. అందులో ప్రతి డిజిటల్ సైనికుడికీ ఎవరితో ఎలా పోరాడాలో సొంతంగా తేల్చుకునే పాటి బుర్ర ఉంటుంది. తొలి పరీక్షల్లో కొందరు యుద్ధం వదిలేసి అవతలికి పరుగెత్తిపోయారన్న ముచ్చట సినిమా జనంలో బాగా నలిగింది. శత్రువు కనబడక అలా పోయారనీ, వెనక్కి తిరగడం వాళ్లకి నేర్పలేదనీ సాంకేతిక నిపుణుల వివరణ. ఎవరి వివరణ వారిది. కథ కనబడకపోతే ఎటు పోవాలో ఆ సైనికులకి తెలిసినంత కూడా మనకి తెలియడం లేదు.

ఈ జబ్బు ఒక్క సినిమాది కాదు. 2012లో ‘ట్వైలైట్’ ఆఖరి భాగంలో రక్తపిశాచాలూ తోడేళ్లూ మంచుమైదానంలో తలలు తెంపుకున్నాయి. ముఖ్యుల్లో పలువురు చచ్చారు. హాలు హాహాకారాలు చేసింది. తీరా చూస్తే అదంతా ఒకమ్మాయి అవతలి నాయకుడికి చూపించిన భవిష్యత్తు. ఆయన చూసి, జడిసి, సైన్యాన్ని తీసుకుని ఇంటికి పోయాడు. నవలలో యుద్ధం లేదు మరి, సినిమాకి కావాలి. ఏమీ మార్చని యుద్ధాన్ని కనీసం కలలాగా చూపించారు, ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. 2019 ఏప్రిల్‌లో ‘గేమ్ ఆఫ్ త్రోన్స్’ వంతు. 55 రాత్రుళ్లు తీసిన 82 నిమిషాల ఎపిసోడ్. డ్రాగన్లతో డ్రాగన్ కొట్టుకుంది, మబ్బుల్లో ఏది ఏదో తెలియలేదు. రాళ్లు విసిరే యంత్రాల్ని కాల్బలానికి ముందు పెట్టారు. చచ్చినవాళ్లని లేపే మొనగాడు వస్తున్నాడని తెలిసీ పిల్లల్నీ ఆడవాళ్లనీ సమాధుల గదిలో దాచారు. ఏమీ కనబడలేదని జనం మొత్తుకుంటే, చాలామందికి టీవీ సరిగ్గా సెట్ చేసుకోవడం తెలియదని ఛాయాగ్రాహకుడు సెలవిచ్చాడు.

మనమేం తక్కువ తినలేదు. 2015లో ‘బాహుబలి’ కాలకేయ యుద్ధం వచ్చింది. అందులో కాలకేయుణ్ణి చంపినవాడికి సింహాసనమన్న పందెం ఉంది, త్రిశూల వ్యూహముంది. అడ్డొచ్చిన సొంత ప్రజల్ని ఒకడు రథచక్రాల కింద కోసుకుంటూ పోతే, ఇంకొకడు వాళ్లని కాపాడటానికి ఆగాడు. ఎవడు రాజో ఆ ఒక్క తేడా తేల్చింది. దాన్ని చూసి తర్వాతివాళ్లు నేర్చుకున్నదేమిటయ్యా అంటే రథం, రథచక్రం, రెండో భాగం. ఆ ఆగడం మాత్రం ఎవరూ నేర్చుకోలేదు.

ఇక టోల్కీన్ యుద్ధాన్ని అంత పొట్టిగా ఎందుకు రాశాడు? పెద్దాయనకి యుద్ధం తెలియక కాదు. 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధభూమిలో ఆయన లాంకషైర్ ఫ్యూజిలీర్స్ దళంలో సెకండ్ లెఫ్టినెంట్. ఆ యుద్ధం మొదటి రోజే బ్రిటిష్ సైన్యంలో 19 వేలమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఆయన స్కూలు స్నేహితుడు రాబర్ట్ గిల్సన్ ఒకడు. డిసెంబరులో ఇంకో స్నేహితుడు జెఫ్రీ స్మిత్ పోయాడు. టోల్కీన్‌ని కందకంలోంచి ఇంటికి పంపించింది ఏ రాక్షసపురుగూ కాదు, పేను. పేలు అంటించిన ట్రెంచ్ ఫీవర్‌తో నవంబరులో ఇంగ్లండు చేరాడు. అసలు యుద్ధంలో జంతువు సైజు అది.

అలాంటి మనిషి పుస్తకంలో యుద్ధం కొన్ని పేజీలు. ఫిలి, కిలి అనే ఇద్దరు మేనల్లుళ్లు మామ థోరిన్‌ని కాపాడుతూ చనిపోయిన సంగతి ఒక్క వాక్యం. చావబోతున్న థోరిన్ మాత్రం బిల్బోని పక్కకి పిలిపించుకుంటాడు, బంగారం కోసం అన్న మాటలు వెనక్కి తీసుకుంటాడు, క్షమించమంటాడు. ఆ తర్వాత కొండ అడుగున సమాధి, గుండెల మీద అతను అంతగా కోరుకున్న మణి, పైన అతని కత్తి. బతికినవాళ్లు పంపకాలు చేసుకోవడం, విడిపోవడం, ఇంటిదారి పట్టడం. చంపడం చప్పున అయిపోతుంది, ఆ తర్వాతిదే తెమలదు. చూసినవాడు ఆ కొలతలతో రాశాడు. చూడనివాళ్లు కొలతలు తిరగేశారు. థోరిన్ మంచుపలక మీద నిలబడి, కింద నీళ్లలో కొట్టుకుపోతున్న అజోగ్‌ని తీరుబడిగా చూస్తూ వెంట నడుస్తాడు. వాడు కళ్లు మూసి, తెరిచి, కింది నుంచి పొడుస్తాడు. దీనికి సమయం దొరికింది. అతని అంత్యక్రియలకి దొరకలేదు. థియేటర్లో ఆడిన 144 నిమిషాల్లో థోరిన్‌కి సమాధి లేదు. ఏ మణి కోసం ఇంత రక్తపాతమో ఆ మణి ఏమైందో కూడా లేదు.

2015లో 164 నిమిషాల పొడుగు వెర్షన్ వచ్చింది. ఇంకొన్ని తలలు తెగాయి. ఎంతగా తెగాయంటే అమెరికాలో ఈ పిల్లల కథకి ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు. ఆ అదనపు ఇరవై నిమిషాల్లోనే ఓ మూల థోరిన్ అంత్యక్రియలు దొరికాయి. లెక్క స్పష్టంగా ఉంది: యుద్ధం టిక్కెట్‌లో వస్తుంది, ఏడుపుకి విడిగా కట్టాలి. నిర్మాతలకి ఒక్కటే మనవి. వచ్చేసారి మాకు శవయాత్ర టిక్కెట్‌లోనే ఇచ్చి, సైన్యాల్ని డిస్క్‌లో అమ్ముకోండి. పురుగులు కావలసినవాళ్లు కొనుక్కుంటారు.